గోడకేసి తిప్పని కుర్చీ

జైలు నుంచి బయటికొచ్చి మత్తు మానాలనుకునేవాళ్ళ కోసం నడిపే ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎదురుగా ఖాళీ కుర్చీ వేసుకోవాలి. మత్తుకు బానిసైన తన పాత మనిషే అందులో కూర్చున్నాడనుకుని కడుపులో ఉన్నదంతా కక్కెయ్యాలి. లేచేముందు మాత్రం ఆ కుర్చీని గోడకేసి తిప్పాలి. "తిప్పకుండా వెళితే వాడూ వెంట వస్తాడు," అనేది డాక్టరమ్మ నవ్వుతూ.

అక్కడ చేరిన ఒకతణ్ణి అందరూ చిటపట అనేవాళ్ళు. కాలుగాలిన పిల్లి అయినా కాసేపు నిలుస్తుందేమో గానీ అతను నిలవడు. కూర్చున్నా కుడి మోకాలు ఊగుతూనే ఉంటుంది. ఇలాంటి కుదురులేని మనిషి మత్తు మానడం కల్ల అని తోటివాళ్ళు తేల్చేశారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు, స్వభావం జబ్బు కాదంది. అతనికి మాత్రం ఒకటే ధ్యాస. చికిత్స పూర్తిచేస్తే తల్లిలేని పాపను మళ్ళీ అతని చేతికిస్తానని అక్క మాటిచ్చింది.

ఆఖరి రోజు ఖాళీ కుర్చీ ఎదుట కూర్చుని ఉండగా గేటు దగ్గర పాప గొంతు వినబడింది. అంతే, కుర్చీ తిప్పడం మరిచి ఒక్క ఉరుకున బయటపడ్డాడు.

అక్కవాళ్ళింటికి చేరాక అతని మోకాలు ఊగడం ఆగిపోయింది. తమ్ముడు ఎంత మారాడో అని ఆమె మురిసిపోయింది. అతనికే ఆ నెమ్మది మింగుడుపడలేదు. ఒంట్లోంచి ఏదో లేచిపోయి, ఇంట్లోనే ఎక్కడో తిరుగుతున్నట్టుండేది.

ఒక సాయంత్రం ముసురు పట్టింది. అక్క వంటింట్లో ఉండగా కరెంటు పోయింది. ముందుగదిలోంచి కాలిన రేకు వాసన... ఒకప్పుడు తను మత్తు పీల్చినప్పటి వాసన. ఆ వెనకే టక్... టక్... టక్... కుర్చీ కాలు నేలకు కొట్టుకుంటున్న చప్పుడు.

చీకట్లో పాప గుసగుసలాడుతోంది.

"ఎవరితో తల్లీ?"

"నీతోనే నాన్నా. మనిద్దరం బయటికెళ్దామన్నావుగా."

అతను ఒక్క అంగలో ముందుగదిలోకి వెళ్ళాడు. పాప ఎదుట ఉన్న కుర్చీని తడిమాడు. ఖాళీయే. కానీ... వెచ్చగా ఉంది. రెండు చేతులా పట్టుకుని, బలంకొద్దీ గోడకేసి తిప్పేశాడు.

చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాడు.

కరెంటు వచ్చింది. కళ్ళెదుట గోడ. సున్నం పెచ్చులు. అతను కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడు కూర్చున్నాడు? తల తిప్పబోయాడు... తిరగలేదు. అరవబోయాడు... నోరు పెగల్లేదు.

వెనక పాప చెప్పులు వేసుకుంటున్న చప్పుడు. వంటింట్లోంచి అక్క వచ్చింది. ఆమె గొంతులో నవ్వు, అది అతని కుర్చీ వైపు కాదు, పాప పక్కనున్న ఎవరి వైపో.

"ఏరా, మోకాలు మళ్ళీ మొదలెట్టావే? సరే, పాపతో త్వరగా వచ్చెయ్."