బాలింత కంచంలో మునగాకు

“ముందే చెప్తున్న, ఈ పసిగుడ్డుకు కడుపునొప్పి లేస్తే అందరూ నన్నే అంటరు!” పొద్దున్నే లింగమ్మ రాగం ఎత్తుకుంది.

“ఏమైందే?” సైకిల్ తుడుస్తూ అడిగాడు మొగుడు సమ్మయ్య. ఆయన యూనివర్సిటీలో అటెండరు. తార్నాకలో అద్దె ఇల్లు.

“ఇంకా ఏం కాలే. అయితదేమోనని.”

“కానిదానికే గింత ఏడుస్తున్నవ్, అయితే ఏం జేస్తవే!”

లింగమ్మ భయం లింగమ్మది. పురిటికొచ్చిన కూతురు కళావతికి పత్తెం తప్పనివ్వలేదు. వెల్లుల్లి కారం, వేడన్నం, అంతే. ఆకుకూర చలువ, బొప్పాయి విషం అని ఆమె లెక్క. చీకటిపడితే కళావతి గోడ పట్టుకుని నడుస్తుంటే, చలిగాలి సోకిందని చెవుల్లో ఇంకింత దూది కుక్కింది.

ఆ సాయంత్రం పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. లింగమ్మ వచ్చి చూస్తే కళావతి “ఊకో నా తల్లీ” అంటూ దిండును జోకొడుతోంది.

ఒక్క ఉరుకున వెళ్లి లైటు వేసింది.

“రేచీకటి. ఎ విటమిన్ తక్కువైంది,” అని మర్నాడు క్యాంపస్ దవాఖానలో డాక్టరమ్మ మందిచ్చింది. “మందొక్కటే చాలదు. ఆకుకూరలు, క్యారెట్, బొప్పాయి రోజూ పెట్టాలి.”

లింగమ్మ మందు వేసింది గానీ ఆకుకూరను గడప లోపలికి రానివ్వలేదు. సంగతి తెలిసి వారాసిగూడ నుంచి వియ్యపురాలు బుచ్చవ్వ టిఫిన్ డబ్బాతో దిగింది. మూత తీస్తే నూనెలో వేయించిన మునగాకు.

“బాలింతకు ఆకా వదినా! పసిదానికి విరేచనాలైతే?”

“ఆకులు మేసే మేకకు ఎన్నడన్న రేచీకటి వచ్చిందా వదినా?”

“నా బిడ్డ మేకనా?”

“మేకై పుట్టినా బాగుండు! నిన్నొక్క పోటు పొడిచి, బయటికివోయి మేసొచ్చేది.”

కళావతి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. “పొద్దుగూకితే నా బిడ్డ మొహం నాకు కనబడ్తలేదమ్మా. ఇన్నాళ్లు నేను తిన్నది అన్నం కాదు, నీ భయం. ఇగ నాతోని కాదు.”

లింగమ్మ కంచం తెచ్చి కూతురి ముందు పెట్టింది. డబ్బా అందుకుని, తానే ముద్ద కలిపి కళావతి నోట్లో పెట్టింది. ఆ రోజంతా పసిదాని పొట్ట తడుముతూనే ఉంది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమేందని కాసేపు భయపడింది.

ఆ తర్వాత తోటకూర పప్పు, మునగాకు, బొప్పాయి ముక్కలు, రోజూ ఏదో ఒకటి. వడ్డించేటప్పుడు గొణుగుడు మాత్రం మానలేదు.

కొన్నాళ్లకు ఒక మునిమాపువేళ, ఇంకా లైటు వేయకముందు, కళావతి ఒడిలో పిల్లతో గడపలో కూచుంది. లింగమ్మ పక్కన చతికిలబడింది. అడగాలంటే భయం, అడక్కుంటే ఇంకా భయం.

“బిడ్డా... నీ బిడ్డ ఏం జేస్తున్నది?”

కళావతి పిల్ల మొహం మీదికి వంగింది. వీధిలో ఎవరిదో సైకిల్ పోయింది. లింగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“నవ్వుతున్నదే అమ్మా,” అంది కళావతి, ఒడిలోంచి చూపు తిప్పకుండా. “ఇగో, ఎడమ బుగ్గ మీద సొట్ట గూడ పడ్డది.”