ఎర్ర పగడాల మీద పచ్చ నత్త

గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చిన ఆవిడకు డిటెక్టివ్ కో యున్-ఫాంగ్ ముందు తువ్వాలు అందించింది. కీలుంగ్‌లో ఏడాదంతా వానే; ఆ రేవు పట్నంలో కొంప మునిగితే తప్ప ఎవరూ గొడుగు మరిచిపోరు.

"మా ఆయన పెంచిన పగడాలు చచ్చిపోతున్నాయమ్మా!"

ఆవిడ పేరు షియు-చిన్. రేవు దగ్గర సోయాపాలు, టిఫిన్లు అమ్ముతుంది. భర్త పోయాక ఆయన గుర్తుగా మిగిలినవి కొట్లోని ఉప్పునీటి తొట్టి, అందులో పెరిగే బొత్తాల్లాంటి ఎర్ర పగడాలు. వాటిని గుల్లలేని నత్తలు సగం తినేశాయి.

"తొట్టి కడిగే యీ-టింగే ఈ నత్తల్ని తెచ్చిపెట్టింది. ఊళ్లో తొట్లన్నిట్లో చెయ్యి పెడుతుంది కదా. పగడాలు పెంచేవాళ్ల ఫోన్ గ్రూపులో పెట్టేశాను కూడా."

"పెట్టేశాక నా దగ్గరికెందుకు?"

షియు-చిన్ తల దించుకుంది. "ఆ పిల్లని అందరూ పన్లోంచి తీసేశారు. నిన్న కొట్టు ముందు నిలబడి ఏడ్చింది. ఒకవేళ తను కాకపోతే?"

ఆ ప్రశ్న నచ్చి కో వెంటనే బయల్దేరింది. వెనకే ఆమె సహాయకుడు జెన్-హావ్. మేడమ్ తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉందని నమ్మే మనిషి.

కొట్లో ముందు ఎదురైనవాడు షియు-చిన్ మరిది త్సాయ్-ఫా. "ఆ తొట్టి తీసేసి రెండు బల్లలు వెయ్యమని ఎప్పట్నించో మొత్తుకుంటున్నా. పోతే పీడా పోయింది!" అన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, జెన్-హావ్ అతన్ని గుడ్లురిమి చూశాడు.

కో పిలిపించిన యీ-టింగ్ చేతులు కట్టుకుని నిలబడింది. "మొదట దొరికిన నత్త ఫోటో ఇదిగో. ఇవి ఏ రంగు పగడం తింటే ఆ రంగుకొస్తాయి." ఫోటోలో నత్త ఆకుపచ్చగా ఉంది. ఇప్పుడు తొట్టిలో పాకుతున్నవన్నీ ఎర్రవే.

"ఇందులో పచ్చ పగడం ఉండేదా?" అడిగింది కో.

"లై మాస్టారు బహుమతిగా ఇచ్చారు. అదే ముందు పోయింది," అంది షియు-చిన్.

కీలుంగ్‌లో పగడాలు పెంచేవాళ్లందరికీ గురువైన లై మాస్టారు మూలన కూర్చుని టీ తాగుతున్నాడు. "నా చేత్తోనే ఈ తొట్టిలోని బండకు అంటించి ఇచ్చాను. పిల్లలకు జాగ్రత్త తక్కువ, ఏం చేస్తాం," అన్నాడు.

"మీ తొట్టి ఒకసారి చూడొచ్చా?"

"మరమ్మతులో ఉందమ్మా."

కో చేతికి తొడుగు వేసుకుని, ఉత్త రాయిగా మిగిలిన ఆ పచ్చ పగడం ముక్కను బండ నుంచి ఊడదీసింది. అడుగు చూసి బల్లమీద పెట్టేసింది. కొట్టు కట్టేశాక అందరినీ ఉండమంది.

షట్టర్ దించాక షియు-చిన్‌ని అడిగింది. "అక్కా, కొన్న పగడాన్ని తొట్టిలో వేసేముందు ఏం చేస్తారు?"

"అయోడిన్ నీళ్లలో ముంచుతాం. అడుగున నత్త గుడ్లుంటే గీకేస్తాం."

"మాస్టారు ఇచ్చినదాన్ని?"

షియు-చిన్ తొట్టివైపు తిరిగింది. యీ-టింగే చెప్పింది. "నేను ముంచుతానన్నాను. అక్క వద్దంది."

"ఆయనెదురుగా కడిగితే, మీ తొట్టికి రోగముందని మొహం మీద అన్నట్టు కాదూ?" అంది షియు-చిన్.

కో రాయిని తిరగేసింది. అడుగున జిగురులో తెల్లటి గుడ్ల చుట్ట ఇరుక్కుని ఉంది. "అంటించాక దీని కిందికి ఏ నత్తా దూరే వీల్లేదు. అంటే గుడ్లు ముందే ఉన్నాయి, అందుకే మొదటి నత్త పచ్చగా ఉంది. అంటించింది మీరు, మాస్టారూ. అడుగు చూడకుండా అంటించరు. మీ తొట్టికి ఏ మరమ్మతూ లేదు, నత్తలు తినేసి అది ఖాళీ అయిపోయింది."

లై మాస్టారు కప్పు కింద పెట్టాడు. "మిగిలిన నాలుగు ముక్కలూ నమ్మకమైన ఇళ్లలో దాచుకుందామనుకున్నాను. ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర బతుకుతుందని మనవాళ్లు ఇచ్చిపుచ్చుకుంటారు కదా. అందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి, నాకే నత్తలు పట్టాయని ఎలా చెప్పను?"

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు. సరే. మరి నింద ఈ పిల్ల మీద పడ్డప్పుడైనా ఎందుకు చెప్పలేదు?" అంది కో.

ఆయన లేచి, క్షమించమంటూ యీ-టింగ్ ముందు వంగాడు. ఆమె కరగలేదు. "ఇక్కడ కాదు మాస్టారూ. గ్రూపులో రాయండి. మీ పేరుతో."

ఆయన రాశాడు. కాసేపటికి ఒక జవాబు వచ్చింది: "మీరిచ్చిన పచ్చది మా ఇంట్లోనూ ఇలాగే పోయింది. మిమ్మల్ని అడగడం బాగుండదని ఊరుకున్నాను." తర్వాత ఇంకొకటి, మరొకటి. అనుమానం మాస్టారి మీదికి పోకుండా యీ-టింగ్‌ను పనిలోంచి తీసేసినవాళ్లే వాళ్లంతా.

ఆమె అన్నీ చదివి, ఫోన్ బోర్లా పెట్టి, మిగిలిన ఎర్ర పగడాల అడుగున గుడ్లు గీకడం మొదలుపెట్టింది.

"వాళ్లు మళ్లీ పిలిస్తే వెళ్తావా?" అడిగాడు జెన్-హావ్.

"వెళ్తాను. పగడాలేం పాపం చేశాయి?"

షియు-చిన్‌కు అప్పుడొచ్చింది ఏడుపు.