బరువు తగ్గని పెట్టె

"నాలుగింటికల్లా గేజి దొరక్కపోతే నన్ను పోలీసులకి అప్పజెబుతారటండీ!"

గుమ్మంలోనే ఆ మాట అనేసి, వచ్చినావిడ కుర్చీలో కూలబడింది. డ్రిల్లు మిషన్ల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లుగా కొలత సామాన్ల గది ఆవిడదే. అక్కడందరికీ ఆవిడ గేజీల అక్క. డిటెక్టివ్ మంచినీళ్లందించాడు. సహాయకురాలిగా ఉన్న మేనకోడలు నోటుబుక్కు తెరిచింది. మావయ్యకి అందని కేసు లోకంలో పుట్టలేదని ఆ పిల్ల నమ్మకం. మావయ్యకి మాత్రం అంత నమ్మకం లేదు.

పోయిన గేజి గుప్పిట్లో పట్టే ఉక్కు దిమ్మ. కొత్త బ్యాటరీ దానికి టక్కున అమరితేనే, జనం దగ్గరున్న పాత డ్రిల్లులకీ అమరుతుంది. ఫ్యాక్టరీ విదేశానికి తరలిపోతోంది. యంత్రాలు వెళ్లిపోయాయి. దిమ్మ ఇవాళ వెళ్లాలి. నిన్న సాయంత్రం మేనేజరు దాని పెట్టె తెరిస్తే, నూనె కాగితంలో చుట్టిన పది బ్యాటరీ సెల్లులు కనిపించాయి.

"తాళంచెవి?"

"నా దగ్గరే, ఒక్కటే."

"పెట్టె గది దాటి వెళ్తుందా?"

"రోజూ పదింటికి సర్వీసు బల్ల దగ్గరికి తీసుకెళ్తాను. బాగుచేసిన బ్యాటరీలు మా తమ్ముడు దాంతో సరిచూస్తాడు."

"తిరిగి తెచ్చాక తెరిచి చూశారా?"

"ఇన్నేళ్లుగా ఎత్తుతున్నాను, చేతికి బరువు తెలీదా? ఎత్తి చూశాను, సరిగ్గానే ఉంది. తాళం వేసేశాను."

ముగ్గురూ ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టగానే వాచ్‌మన్ గేటు మూసి గొళ్లెం పెట్టాడు. "దిమ్మ దొరికేదాకా ఎవర్నీ వదలద్దన్నారు. నిన్న కూడా ఒళ్లు తడిమే పంపాం. మేకు కూడా బయటికి పోలేదు," అన్నాడు.

సర్వీసు గదిలో ఒక మూల చచ్చిన బ్యాటరీల గుట్ట, నాలుగింటి లారీలో పిండికొట్టడానికి పోయేది. అరల్లో బాగుచేసినవి నలభై, ఒక్కోదాని మీద సుద్దగీత.

"సెల్లులు మార్చి, ఛార్జర్లో పెట్టి, పచ్చ లైటు వస్తేనే గీత గీస్తానండీ," అన్నాడు తమ్ముడు.

"ఒక్కో బ్యాటరీలో సెల్లులెన్ని?"

"పది."

మేనకోడలు ఆ అంకె రాసుకుంది గానీ, దాంతో ఏం చేయాలో పాలుపోలేదు.

మూడింటికి డిటెక్టివ్ అందర్నీ సర్వీసు గదిలో నిలబెట్టాడు.

"పెట్టెలో బరువు ఎందుకు సరిపెట్టారు? మేనేజరుగారైతే తెరిచి చూస్తారు. ఎత్తి చూసి ఊరుకునేది అక్కగారొక్కరే. తన్ని తానే మోసం చేసుకోవడం ఎందుకు? కాబట్టి దొంగ ఆవిడ కాదు, ఆవిడ అలవాటు తెలిసినవాడు. పది సెల్లులు బయటికొచ్చాయంటే ఒక బ్యాటరీ డొల్లయింది. దిమ్మ అందులోనే ఉంది. గుట్టలో వేస్తే పిండైపోతుంది, ఇంత జాగ్రత్తగా దాచినవాడు దాన్ని పోగొట్టుకోడు, కనుక అరలోనే ఉండాలి."

మేనకోడలు ఒక్కో బ్యాటరీని ఛార్జర్లో పెట్టింది. ఇరవై ఆరింటికి పచ్చ లైటు వచ్చింది. ఇరవై ఏడోదానికి రాలేదు. దాని మీదా సుద్దగీత ఉంది. మరలు విప్పితే దిమ్మ బయటపడింది.

"రోజూ పెట్టె తెరిచేది నీ బల్ల మీద. ఆ గీత గీసేది నువ్వొక్కడివే," అన్నాడు డిటెక్టివ్.

తమ్ముడు నేల మీద చతికిలబడ్డాడు. "ఇది లేకపోతే అక్కడ బ్యాటరీలు కుదరవు, మళ్లీ మన దగ్గరికే వస్తారనుకున్నాను. నీ మీదకొస్తుందనుకోలేదక్కా!"

మేనేజరు తలదించుకున్నాడు. "దీని కొలతలన్నీ మూడు నెలల కిందటే పంపేశాం. అక్కడ బ్యాటరీలు తయారవుతున్నాయి కూడా. ఇది హెడ్డాఫీసు అద్దాల బీరువాలో పెట్టడానికి."

మావయ్య గెలిచాడని ఆ పూట మేనకోడలికి సంతోషం కలగలేదు. ఏడుపొచ్చింది.

"వస్తువు గేటు దాటలేదు. దీన్ని దొంగతనమనడానికి లేదు," అన్నాడు డిటెక్టివ్. మేనేజరు సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

అక్క తమ్ముడి భుజం పట్టి లేపింది. దిమ్మని గుడ్డతో తుడిచి, నూనె రాసి, కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టింది. ఈసారి ఎత్తి చూడలేదు. మూత మళ్లీ తెరిచి, కాగితం విప్పి, కళ్లారా చూసుకుని తాళం వేసింది.

"రేపట్నుంచి ఈ తాళంచెవి ఎవరికివ్వాలండీ?" అని మేనేజర్ని అడిగింది.

బయట లారీ హారన్ కొడుతోంది. వాచ్‌మన్ గేటు తీయడానికి వెళ్లాడు.