ఎదురుగా నిలబడినప్పుడే

"నిలబడటానికి కూడా క్లాసా అండీ?"

శ్రీసుధ అడిగిన మొదటి ప్రశ్న ఇది. కొంగరకలాన్ ఫ్యాక్టరీలో షిఫ్టంతా నిలబడే ఉద్యోగం ఆమెది. కాళ్ల నొప్పులు తగ్గుతాయని ఎవరో చెబితే ఇబ్రహీంపట్నంలో కుంగ్‌ఫూ క్లాసుకొచ్చింది. తీరా చూస్తే డాబా మీద అందరూ ఉత్తినే నిలబడి ఉన్నారు. ఒళ్లు మండుతుందా మండదా, మీరే చెప్పండి.

"గిది ఉత్త నిలబడుడు గాదు మేడమ్," అన్నాడు సంజీవ. పగలు తండ్రితో కలిసి కూరగాయల తోట చూసుకుంటాడు. సాయంత్రాలు బాలనర్సింహ మాస్టర్ దగ్గర కొత్తవాళ్లకు నేర్పుతాడు. "మోకాళ్లు జర వంచుండ్రి. చేతులు పెద్ద బిందెను పట్టుకున్నట్టు గుండ్రంగ పెట్టుండ్రి. భుజాలు వదిలెయ్యుండ్రి."

"వదిలేశాను."

"చెవులదాక లేపి వదిలేసిన అంటరేంది?"

కళ్లద్దాల్లోంచి ఒక చూపు చూసింది. భుజాలు మాత్రం దిగాయి.

"ఇలా నిలబడితే ఏమొస్తుంది?"

"లోపల శక్తి తెలుస్తది. పాదాలు బరువైతయి, అరచేతులు వెచ్చగైతయి."

"పాదాలు నాకు రోజూ బరువేనండీ!"

"ఆడ బిగబట్టి నిలబడుతున్నరు. ఈడ వదిలేసి నిలబడాలె. గంతే తేడా."

ఆ తేడా తెలియడానికి చాన్నాళ్లే పట్టింది. నొప్పులు తగ్గాయి. మేడమ్‌లూ అండీలూ పోయి పేర్లు మిగిలాయి.

ఆ క్లాసులో ఒక పద్ధతి ఉంది. కాస్త కుదురుకున్నాక ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడాలి. అరచేతులు దగ్గరగా ఉంటాయి గానీ తాకవు. కళ్లు మూసుకుని ఉండి, తర్వాత ఏం తెలిసిందో దాచకుండా మాస్టర్‌కు చెప్పాలి. శ్రీసుధకు జోడీ సంజీవ.

ఒక సాయంత్రం చినుకులు మొదలైనా ఇద్దరూ కదల్లేదు.

"మాస్టర్, వచ్చేసింది!" అని ఉన్నట్టుండి అరిచింది శ్రీసుధ. "అరచేతులు కాలిపోతున్నాయి. గుండె దడదడలాడుతోంది. మోకాళ్లు వణుకుతున్నాయి. అమ్మో, ఎంత శక్తో!"

మాస్టర్ సంజీవ వైపు చూశాడు. సంజీవ వాన వైపు చూశాడు.

అరచేతులు వెచ్చబడటం మామూలే. గుండె దడ, మోకాళ్ల వణుకు మాత్రం ఏ మాస్టరూ నేర్పనివి. పైగా ఆ వణుకు సంజీవకూ వస్తోంది. చెప్పేస్తే సిగ్గుపడి క్లాసే మానేస్తుందేమో! మన పెద్దమనిషి సంజీవ నోరు మూసుకున్నాడు.

మాస్టర్ ఆ వారమే జోడీలు మార్చాడు. శ్రీసుధ ఎదురుగా ఇప్పుడు టైలరింగ్ షాపు యమునక్క.

"ఏం తెలిసిందమ్మా?"

"ఏమీ లేదు మాస్టర్."

మర్నాడూ ఏమీ లేదు. ఆ తర్వాతా అంతే. చివరికి బ్యాగు భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగిపోయింది. సంజీవ వెనకాలే పరుగెత్తాడు.

"ఏమైంది సుధ?"

"నాకిది చేతకాదు. ఒక్కటి, ఒకే ఒక్కటి నా అంతట నేను సాధించాననుకున్నాను. అదీ పోయింది. ఇక రాను." కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది.

ఇక దాచితే మనిషే కాదనిపించింది సంజీవకు.

"పోయింది శక్తి గాదు. శక్తికి మోకాళ్లు వణకవు."

"మరి?"

"నాకు గూడ గట్లనే అయితుంది, నువ్వు ఎదురుంగ ఉంటెనే. నువ్వంటే నాకు మస్తు ఇష్టం సుధ. గది చెప్తే నువ్వు రావేమోనని భయపడ్డ."

ఆమె ముఖం ఎర్రబడింది.

"అంటే, అందరి ముందూ నేను అరిచింది..."

"అవ్. గట్టిగనే అరిచినవ్."

"మాస్టర్‌కి తెలుసా?"

"తెల్వకనేనా జోడీ మార్చిండు?"

"నీకు తెలిసీ ఊరుకున్నావు! నా సాధన పోయిందని నేను ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నావు!"

"తప్పే. తిట్టు."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మన్నెగూడ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాత రోజులన్నీ సంజీవకు ఎంత నిలబడినా మనసు నిలవలేదు. ఫోన్ చేయబోయి మానేశాడు. యమునక్క జాలిపడి టీ తాగించింది. దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఒక సాయంత్రం డాబా ఎక్కేసరికి శ్రీసుధ అప్పటికే ఓ మూల నిలబడి ఉంది, ఒంటరిగా, కళ్లు మూసుకుని. భుజాల్లో బిగువు లేదు, మోకాళ్లలో వణుకు లేదు. సంజీవ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటున్నా తన చోట తను నిలబడ్డాడు.

మాస్టర్ చప్పట్లు కొట్టాడు. "ఏం తెలిసిందమ్మా?"

"పాదాలు నేలలోకి దిగినట్టు ఉన్నాయి మాస్టర్. అరచేతుల్లోకి మెల్లగా వెచ్చదనం వచ్చింది. దడ లేదు, వణుకు లేదు. హాయిగా ఉంది."

"గిదీ శక్తంటే!" అన్నాడు మాస్టర్. "నీదే. ఎవ్వరిచ్చింది గాదు."

శ్రీసుధ సంజీవ వైపు తిరిగింది.

"ఇది నేను ఒక్కదాన్నే నిలబడినా వస్తోంది. ఆ రెండోది నువ్వు ఎదురుగా ఉంటేనే వస్తోంది. ఇంట్లో గోడ ముందు కూడా నిలబడి చూశాను."

"మరి... ఏది కావాలె నీకు?"

"రెండూ కావాలి," అంది శ్రీసుధ, మాస్టర్ ముందే, డాబా అంతా వింటుండగానే.