తగ్గిందని చెప్పలేదు

పొద్దున్నే టీ గ్లాసు అత్తగారికి అందిస్తూ ఖదీజా కావాలనే దాన్ని వదిలేసింది. గాజు గ్లాసు పగలగొట్టేంత గుండె ధైర్యం లేదు కాబట్టి స్టీలు గ్లాసే ఎంచుకుంది. అది గడప దాకా దొర్లుకుంటూ పోయింది. టీ అంతా చాప మీద ఒలికిపోయింది.

"అయ్యో, పట్టు చిక్కలేదత్తమ్మా," అంది కుడి చెయ్యి విదిలించుకుంటూ.

మంచం మీద కూర్చున్న మస్తాన్‌బీ ఒలికిన టీ వంకా కోడలి చేతి వంకా మార్చి మార్చి చూసింది. "రెండో సూది కూడా పనిచెయ్యలేదన్నమాట. ఆ డాక్టరు వేసింది మందో మంచినీళ్ళో!"

"ఎడం చేత్తో తుడిచెయ్యి ఖదీజా," అన్నాడు ముస్తాక్, మగ్గం మీంచి కళ్ళు తిప్పకుండానే. అతని పక్కన, ఖదీజా కూర్చోవాల్సిన చోట, పదిహేడేళ్ళ కూతురు ఇరమ్ వంగి కూర్చుని ఉన్ని ముడులు వేస్తోంది. తల్లి చెయ్యి విదిలించుకోవడం చూసి ఆ పిల్ల కళ్ళు చెమ్మగిల్లాయి. ఖదీజా గబుక్కున చాప మీదకి వంగిపోయింది.

చెయ్యి బాగానే ఉంది. అసలు సంగతి అదీ. సూది వేయించుకున్న వారానికే వేళ్ళలో తిమ్మిరి పోయింది, రాత్రుళ్ళు నిద్ర పడుతోంది, జాకెట్టు హుక్కులు తనే పెట్టుకుంటోంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఏలూరులో తివాచీలు నేసే ఇళ్ళు ఒకటొకటిగా మగ్గాలు విప్పేసి ఆటోలూ పళ్ళ బళ్ళూ పట్టుకుంటున్న రోజులవి. ముస్తాక్ మాత్రం తాతల నాటి విద్య అని ఒక మగ్గం నిలుపుకున్నాడు. దాని ముందు ఇద్దరు కూర్చోవాలి. పెళ్ళైన ఏడాది నుంచీ రెండో మనిషి ఖదీజాయే. రెండు దారాలకి ఉన్ని చుట్టడం, కిందికి లాగడం, కత్తితో తెంపడం. మళ్ళీ చుట్టడం, లాగడం, తెంపడం. ఇరవై ఏళ్ళు లాగితే ఇనుప చువ్వైనా వంగుతుంది. ఆమె మణికట్టులో నరం నలిగింది. బొటనవేలూ పక్క వేళ్ళూ మొద్దుబారి, నిద్రలో మంటలు పుట్టి, లేచి కూర్చుని చెయ్యి దులుపుకునేది.

నిరుడు మొదటిసారి మణికట్టులో స్టిరాయిడ్ సూది వేశారు. అప్పుడు ఖదీజా పిచ్చిది. తగ్గగానే పరిగెత్తుకెళ్ళి, "ఏవండీ, తగ్గిపోయిందండీ!" అని చిన్నపిల్లలా చెప్పేసింది. రెండు నెలలు ముడులు వెయ్యొద్దని డాక్టరు అన్న మాట కూడా చెప్పింది. డాక్టరు ఆ మాట అన్నప్పుడు ముస్తాక్ కింద మందుల షాపులో ఉన్నాడు మరి. "అలాగేలే, మెల్లిగా చేద్దువుగాని," అని అతను ఆ మధ్యాహ్నమే కత్తి చేతికిచ్చాడు. మస్తాన్‌బీ అయితే ఇంకో ఆకు ఎక్కువే చదివింది. "ఒక్క సూదికి పోయే నొప్పికా ఇన్నాళ్ళూ ఇల్లు పీకి పందిరేశావు?" అంది. వానలు వెనకబట్టేసరికి నొప్పి తిరిగొచ్చింది.

ఈ ఏప్రిల్లో రెండో సూది వేస్తూ డాక్టరు గట్టిగానే చెప్పాడు. "ఈ మందు వాపు తగ్గిస్తుందమ్మా, పని తగ్గించదు. నరానికి తీరిక ఇవ్వాల్సింది నువ్వు. మళ్ళీ వెంటనే మగ్గం దగ్గర కూర్చున్నావంటే ఇంక సూది ఉండదు, కోతే. అప్పటికే బొటనవేలి కండ కరిగిపోతే ఆపరేషన్ చేసినా తిరిగి రాదు."

రిక్షాలో ఇంటికొస్తూ ఖదీజా ఒక్కటే ఆలోచించింది. తన చెయ్యి పడిపోతే ఆ చోట్లో ఎవరు కూర్చుంటారు? ఇంకెవరున్నారు, ఇరమే. రెండు నెలలు కాదు, జీవితాంతం. ఆ పిల్లేమో తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు సీటు కోసం కలలు కంటోంది. రెండు నెలలు అబద్ధమాడితే చెయ్యి దక్కుతుంది, పిల్లా దక్కుతుంది. తగ్గిందంటే వినని ఇంట్లో తగ్గలేదంటే వింటారు కదా అనుకుంది. ఈ రెండు నెలలకీ ముస్తాక్ ఎవరినైనా కూలికి పెట్టుకుంటాడనుకుంది.

అతను ఎవరినీ పెట్టుకోలేదు. "కూలికి ఎవరొస్తున్నారిప్పుడు? అవతల చలపతిరావు గారి గృహప్రవేశం ముంచుకొస్తోంది," అన్నాడు. చలపతిరావు కొల్లేరు పక్క చేపల చెరువుల ఆసామి. కొత్త మేడ హాల్లోకి తివాచీ కావాలన్నాడు. మర్నాటి నుంచే ఇరమ్ ఎంసెట్ కోచింగు ఆగిపోయింది. "అమ్మీ చెయ్యి ముందు బాగుపడనీ అబ్బా, నేను కూర్చుంటాను," అని ఆ పిల్లే తండ్రితో అంది. గొయ్యి తవ్వింది ఒకరి కోసమైతే పడింది ఇంకొకరు.

రేపు చెప్పేద్దాం, రేపు చెప్పేద్దాం అనుకుంటూనే మే నెల వచ్చేసింది. రోజు గడిచేకొద్దీ చెయ్యి బాగుపడింది, నోరు మాత్రం పడిపోయింది. పరీక్ష దగ్గర పడింది. అయినా చెప్పలేదు. చెప్పిన పూటే కత్తి మళ్ళీ తన చేతికొస్తుందన్న భయంతో పిల్లని బలిపెడుతున్నానని తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసేది.

టీ ఒలకబోసిన ఆ రోజు శుక్రవారం. ముస్తాక్ జుమా నమాజుకి వెళ్ళాడు. మస్తాన్‌బీ పక్కింట్లో కబుర్లలో పడింది. ఇరమ్ అన్నం తిని మగ్గం పక్కనే నేల మీద ఒరిగి నిద్రపోయింది. ఖదీజా చూస్తే, ఆ పిల్ల పొద్దుట కట్టిన వరసలు వంకరగా ఉన్నాయి. ముస్తాక్ వచ్చాడంటే అరుస్తాడు. నిద్రపోతున్న పిల్ల చూపుడు వేలు మీద కత్తి గాట్లు ఎర్రగా కనిపించాయి.

ఒక్క వరస విప్పి సరిచేద్దాం అనుకుంది. మూడు వరసలు అయ్యాయి. ఉన్ని వేలి కొసలకి మెత్తగా తగులుతుంటే, ఆ మెత్తదనం తెలిసి ఎన్నాళ్ళయిందో గుర్తొచ్చి, ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

ముస్తాక్ వచ్చాడు. నెత్తిన టోపీ తియ్యకుండానే మగ్గం దగ్గరికొచ్చి, అలవాటుగా అరచెయ్యి తివాచీ మీద రాశాడు. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఇరమ్! లే. ఈ వరసలు ఎవరు కట్టేరు?"

"నేనే అబ్బా," అంది ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ.

"నువ్వు కాదు. నీ ముడి నిక్కబొడుచుకుంటాది. ఇది ఎడంపక్కకి లాగి పడుకోబెట్టిన ముడి. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్నోణ్ణి, ఎవరి చెయ్యో నాకు తెలీదా?" అతను భార్య వైపు తిరిగాడు. "ఖదీజా, నీ చెయ్యి ఎప్పుడు తగ్గింది?"

పక్కింటి నుంచి అప్పుడే వచ్చిన మస్తాన్‌బీ ఆ ప్రశ్న విని గడపలోంచే అందుకుంది.

"అంటే నాటకమా? పొద్దుట నా టీ పారబోసింది కూడా నాటకమేనా? పిల్ల చదువు మానుకుని వేళ్ళు కోసుకుంటుంటే నువ్వు మహారాణిలా కూర్చున్నావా? తల్లివేనా నువ్వు?"

"అవునత్తమ్మా, నాటకమే!" ఖదీజా అత్తగారి వైపు తిరిగింది. "సూది వేసిన వారానికే తగ్గింది. నిరుడూ తగ్గింది. తగ్గిందని చెప్పినందుకు ఏం దక్కింది నాకు? ఆ పూటే కత్తి చేతికిచ్చేరు. ఈ ఇంట్లో ఏడిస్తే తప్ప విశ్రాంతి లేదు. డాక్టరు చెప్పేడండీ అంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అందుకే ఏడ్చేను. నొప్పి లేకపోయినా ఏడ్చేను."

"మేం పని చెయ్యలేదా? నాకు నొప్పుల్లేవా?" మస్తాన్‌బీ రెండు చేతులూ ముందుకి చాపింది. కుడి బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట గుంట ఉంది. "చూడు! నాకెవరేయించేరు సూది? గిన్నె పట్టు చిక్కట్లేదంటే మా అత్త వాతలు పెడతానంది. ఎముకలు మిగిలేదాకా కట్టేను. నేను చెప్పుకున్నానా?"

ఎన్నో ఏళ్ళుగా అదే ఇంట్లో ఉంటూ ఆ గుంట ఎవరూ చూడలేదు. ఖదీజా కూడా చూడలేదు. చూసి ఒక్క క్షణం మెత్తబడింది. అంతలోనే ఇరమ్ వేలి గాట్ల మీద చూపు పడింది.

"మీకు జరిగింది కాబట్టి నాకూ జరగాలా అత్తమ్మా? నా తర్వాత దీనికీ జరగాలా?"

మస్తాన్‌బీ చేతులు మెల్లిగా వెనక్కి తీసుకుంది. పైట కొంగు కింద దాచుకుని మంచం మీద కూలబడింది. ఆమె ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

ఇరమ్ తల్లికి ఎదురుగా వచ్చి నిలబడి అంది. "నాకు చెప్పొచ్చు కదమ్మీ."

గట్టిగా కూడా అనలేదు. "నీ చెయ్యి పడిపోతుందని ఎంత ఏడ్చేనో తెలుసా? క్లాసులో ఫిజిక్సు అంతా అయిపోయింది. పోతే పోయిందిలే, అమ్మీ చెయ్యి ముఖ్యం అనుకున్నాను. నువ్వేమో నా ఎదురుగానే గ్లాసులు పడేస్తున్నావు. వీళ్ళు వినరు సరే. నేను ఎప్పుడు విన్లేదు?"

సమాధానం కోసం ఆగకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఖదీజా రెండడుగులు వెనకే వెళ్ళి గడప దగ్గర ఆగింది. పిల్లని కాపాడుకుంటున్నానని పిల్లనే మోసం చేసింది. అడ్డం పడేవాళ్ళని వదిలేసి, అండగా నిలబడే ఒక్క మనిషినీ దూరం చేసుకుంది.

ముస్తాక్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "డాక్టరు ఏమన్నాడో మొత్తం చెప్పు," అన్నాడు.

ఖదీజా చెప్పింది. నరం సంగతి, తీరిక సంగతి, ఇంక సూది వెయ్యనన్న సంగతి, కరిగిన కండ తిరిగి రాదన్న సంగతి. అతను మధ్యలో లేవలేదు, మగ్గం వైపు చూడలేదు. చివర్లో తల్లి వంక ఒకసారి చూశాడు.

"ఇవన్నీ నిరుడే చెప్పేవా నాకు?"

"రెండు నెలలు ఆగమన్నాడని చెప్పేనండి."

"విన్నట్టే ఉంది," అన్నాడు తలొంచుకుని. "నాకు గుర్తుంచుకోవాలనిపించలేదు."

అంతకన్నా క్షమాపణ అతనికి రాదు. లేచి ఫోను తీశాడు. "చలపతిరావు గారా అండీ? తివాచీ గృహప్రవేశానికి అందదండి... ఇంట్లో చెయ్యి బాగోలేదండి. కాదండీ, పిల్లని కూర్చోబెట్టను... మీ ఇష్టమండి, వేరేచోట చూసుకుంటానంటే అలాగే కానివ్వండి." అవతలి అరుపులు గదంతా వినపడ్డాయి. ఫోను పెట్టేసి ఒక్కడే వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నాడు.

పెరట్లో కుళాయి గట్టు మీద ఇరమ్ కూర్చుని ఉంది. పొద్దు వాలుతోంది. ఖదీజా కొబ్బరినూనె తెచ్చి పక్కన కూర్చుని, అడక్కుండానే ఆ పిల్ల చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. గాట్లు తగలకుండా వేలు వేలునా నూనె రాసింది. ఇరమ్ చెయ్యి లాక్కోలేదు, అలాగని తల్లి వైపూ తిరగలేదు.

"రేపటి నుంచి కోచింగుకి వెళ్ళవే."

"ఇంకేం కోచింగు? పరీక్ష వచ్చేసింది. రాస్తాను. ఈ ఏడు రాదులే అమ్మీ."

వస్తుందే అనబోయి ఖదీజా ఆగిపోయింది. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేదు. "నా వల్లే," అంది.

ఇరమ్ తన మణికట్టు మీద తిరుగుతున్న తల్లి బొటనవేలి వైపు చూసింది. నొక్కు గట్టిగా, సమంగా పడుతోంది.

"నిజంగా తగ్గిందా అమ్మీ?" అంది మెల్లిగా.

ఖదీజా చెయ్యి ఆగిపోయింది. అన్నాళ్ళూ ఎవరితోనూ అనలేక గొంతులోనే కుక్కుకున్న మాట అది. సంతోషంగా చెప్పుకోవాల్సిన మాట.

"తగ్గిందే. అస్సలు నొప్పి లేదు," అంది. ఆ ఏప్రిల్ నుంచీ దొంగ ఏడుపులు ఏడ్చిన మనిషి, కూతురి చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.