గట్టయ్య తాతకు కాస్త జాగ

గోడకు సున్నం వేస్తున్న సారలు ఒక చోట ఆగిపోయింది. మనిషి కింద కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో నూనె మరకలు వరసగా ఉన్నాయి. ఒక్కో మరక ఒక్కో తాతది. ఎంత సున్నం పూసినా మళ్ళీ పైకి తేలుతున్నాయి.

"అమ్మా, ఇవి పోతలేవు," అంది.

"ఇంకోపారి కొట్టు. మాపటికల్ల సంఘం ఆయన వస్తడు," అంది తల్లి లింగవ్వ, చాయ్ గిన్నెను బూడిదతో తోముతూ.

గోదావరిఖనిలో అదొక చిన్న రేకుల గది. బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన ముసలివాళ్ళు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా అక్కడ కూర్చుంటారు. ఒక పొయ్యి, ఒక రేడియో, నాలుగు చాపలు. రెండు పూటలా చాయ్, దగ్గుకు మందు. గది కిరాయి నుంచి లింగవ్వ జీతం దాకా అంతా రామగుండం వ్యాపారుల సేవా సంఘం చేసే సాయంతోనే నడుస్తోంది. ఆ సాయం ఏడాదికోసారి ఇస్తారు. ఇచ్చే ముందు సంఘం మనిషి ఒకరు వచ్చి చూసి పోతారు. ఆయన వద్దంటే ఆ ఏడు గదికి తాళమే.

ఆ సంగతి పదేళ్ళ సారలుకు తెలుసు. అందుకే పొద్దుట్నుంచి కాలు నిలవకుండా తిరుగుతోంది. పక్కింట్లో స్టీలు గ్లాసులు అడిగి తెచ్చింది. ఎదురింట్లో రెండు కుర్చీలు, పువ్వుల దుప్పటి తెచ్చింది. పెద్దమనిషి వస్తున్నాడంటే మనకు ఎక్కడలేని శుభ్రం గుర్తుకొస్తుంది. మర్నాడు ఎవరి గ్లాసులు వాళ్ళింటికి పోతాయి, మనం మళ్ళీ సొట్టలు పోయిన గ్లాసుల్లో తాగుతాం.

బయట దగ్గు వినిపించింది. గట్టయ్య తాత వస్తున్నాడు. ఆయన కంటే ముందు ఆయన దగ్గు వస్తుంది. ఒకసారి మొదలైతే నడుము వంగిపోతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. చివరికి గొంతులోంచి నల్లటి కఫం పడుతుంది. దానికోసం ఆయన బూడిద పోసిన డబ్బా ఒకటి చేతిలోనే పట్టుకుని తిరుగుతాడు.

సారలు ఆ డబ్బాను చూసింది. తెల్లటి గోడనూ చూసింది. ఆమెకు బడి గుర్తొచ్చింది. ఇన్‌స్పెక్టర్ వచ్చే రోజున చదువు రాని పిల్లల్ని సారు ఇంటి దగ్గరే ఉండమంటాడు. ఇన్‌స్పెక్టర్ వచ్చి, ముందు వరస పిల్లల చేత చదివించుకుని, మెచ్చుకుని పోతాడు.

లింగవ్వ నీళ్ళకు పోయింది. సారలు గబగబా గడప దగ్గరికి వెళ్ళింది.

"తాతా, ఇయ్యాల నువ్వు లోపలికి రాకు."

"ఎందుకు బిడ్డా?"

"సంఘం ఆయన వస్తున్నడు. నువ్వు దగ్గితే ఆయనకు మంచిగ అనిపియ్యది. మనకు పైసలియ్యడు."

గట్టయ్య గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"మరి నన్ను ఎటు పొమ్మంటవు?"

"ఇంటికి పో తాతా. రేపు రా."

ఆయన గొంగడి తల మీదికి లాక్కుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ రోజు మబ్బు పట్టి, చలి ఎముకలు కొరుకుతోంది. సన్నగా చినుకులు కూడా మొదలయ్యాయి. సారలు అవేమీ పట్టించుకోలేదు. ఒక పని అయిపోయింది అనుకుంది, అంతే.

* * *

సంఘం పంపిన లింగమూర్తి సేటు తెల్లటి ధోవతిలో, గొడుగు మడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయనకు రామగుండంలో బట్టల దుకాణం ఉంది. కోపిష్టి మనిషి కాదు. స్టీలు గ్లాసులో చాయ్ తాగి, గది నాలుగు మూలలా చూశాడు.

"మంచిగ పెట్టుకున్నరు," అన్నాడు.

సారలు తల్లి వైపు చూసి నవ్వింది.

"ఈడికి వచ్చేటోళ్ళల్ల రోగపోళ్ళు ఎవరన్న ఉన్నరా?" అడిగాడు సేటు.

"లేరు సార్. అందరు మంచిగున్నరు," అంది సారలు, తల్లి నోరు విప్పకముందే.

"అందరికి ఇండ్లున్నయా?"

"ఉన్నయి సార్. కొడుకులందరికి కంపెనీ క్వార్టర్లున్నయి."

లింగమూర్తి అబ్దుల్ రజాక్ వైపు తిరిగాడు. తాతలందరిలోకీ పెద్ద ఆయనే. ఇస్త్రీ చేసిన షేర్వాణీ వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"మరి ఇండ్లుండంగ ఈ గది ఎందుకు పెద్దమనిషీ? పొద్దుపోకనా?"

"గట్ల కాదు సాబ్," అన్నాడు రజాక్. "క్వార్టరంటే ఒక్కటే గది. కొడుకు రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పండుకుంటడు. మా అసుంటోళ్ళు ఆడ ఉంటే వానికి నిద్రెట్ల పడ్తది? గట్టయ్యనే చూడుండ్రి. ఏడీ, గట్టయ్య ఏడున్నడు?"

అందరూ అటూ ఇటూ చూశారు. మళ్ళీ సారలే చెప్పింది.

"ఇంటికి పోయిండు."

లింగమూర్తి తల ఊపాడు. "ఇంటికి పోయిండంటే ఇంట్ల జాగ ఉన్నట్టే గదా."

రజాక్ జవాబు చెప్పేలోపే లింగమూర్తి లేచి నిలబడి మెల్లగా చెప్పాడు.

"తప్పు పట్టుకోకుండ్రి. సంఘం కాడ ఉన్న పైసలు ఒక్క చోటుకే సరిపోతయి. కమాన్‌పూర్‌ల ముసలవ్వలు ఉండే కొట్టం ఒకటున్నది. దానికి సగం కప్పు లేదు. మీకైతే అన్ని ఉన్నయి."

ఆయన గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. ఆ పూట గదిలో రేడియో ఎవరూ పెట్టలేదు.

* * *

దీపాల వేళకు సారలు గట్టయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన కొడుకు బుచ్చన్న అప్పుడే నిద్ర లేచి, డ్యూటీకి పోవడానికి బూట్లు తొడుక్కుంటున్నాడు.

"తాత ఏడి, బుచ్చన్న కాక?"

"మీ గది కాడనే ఉంటడు గదా. ఇంకా రాలే."

సారలు ఉరికింది. గది వెనక చూసింది. బస్సులు ఆగే చోట చూసింది. చివరికి బొగ్గు వ్యాగన్లు ఆగే పట్టాల పక్కన, పాత గోడ చాటున గట్టయ్య కనిపించాడు. గొంగడి తడిసి బరువెక్కింది. ఆయన మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. దగ్గడానికి కూడా ఓపిక లేనట్టుంది.

"తాతా, ఇంటికి పోలేదా?"

"కొడుకు పండుకున్నడు బిడ్డా."

"అయితే ఏంది? నీ ఇల్లే గదా."

గట్టయ్య ఊపిరి కూడదీసుకున్నాడు.

"నేను దగ్గితే వాడు లేస్తడు. నన్నేమనడు, పాపం. కండ్లు మూసుకునే ఉంటడు. కాని నిద్ర పట్టది. నిద్ర లేకుండ బాయిల దిగుతే ఎట్ల? లోపట పైకప్పు కూలే ముందు టక్కు టక్కుమని సప్పుడైతది. మనిషి తెలివి మీదుంటే అది విని ఉరుకుతడు. నిద్ర కండ్లతోని ఏం వింటడు?"

సారలుకు ఇది తెలియని సంగతి కాదు. నాన్న ముత్యానికి రాత్రి డ్యూటీ పడిన వారమంతా అమ్మ ఆమెను ఇంటి దగ్గర ఆడుకోనివ్వదు. గోలీలు కూడా రెండు వాడలు దాటి పోయి ఆడాలి. గిన్నె కింద పడితే వీపు మీద ఒకటి పడుతుంది. తెలిసిన సంగతే. పొద్దున మాత్రం గుర్తుకు రాలేదు. ఇంటికి పో తాతా అని ఎంత తేలిగ్గా అనేసింది.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. అది బండలా చల్లగా ఉంది. సారలుకు ఏడుపు ఆగలేదు.

"నేను తప్పు చేసిన తాతా."

"ఊకో బిడ్డా. గది ఉండాలెననే గదా నువ్వన్నది. లే, నన్ను జర లేపు."

* * *

తెల్లారి ఆదివారం. సారలు తల్లికి అంతా చెప్పింది. దెబ్బలు పడతాయనుకుంది. లింగవ్వ కొట్టలేదు. "నడువు, సేటుకు నువ్వే చెప్పు," అంది. దానికన్నా రెండు దెబ్బలు వేసినా బాగుండేది అనిపించింది సారలుకు.

ఇద్దరూ రామగుండం బస్సెక్కారు. దుకాణంలో లింగమూర్తి ఎవరికో చీర విప్పి చూపిస్తున్నాడు. సారలు ఆ చీర కొనే ఆమె ముందే చెప్పేసింది. గ్లాసులు పక్కింటివని చెప్పింది. కుర్చీలు ఎదురింటివని చెప్పింది. గట్టయ్య తాతను తనే పొమ్మన్నానని, ఆయన వానలో గోడ చాటున కూర్చున్నాడని కూడా చెప్పింది.

లింగమూర్తి చీర మడత పెడుతూ ఆగాడు.

"ఆ ముచ్చట నిన్ననే చెప్పాలె గదా పాపా."

"మాకు ఇగ పైసలియ్యరా సార్?"

"రాత్రే అందరం కూసోని కమాన్‌పూర్‌కని అనుకున్నం. వాళ్ళకు కబురు కూడ పోయింది. ఆ అవ్వలకు ఇస్తమని మళ్ళ గుంజుకుంటే పాపం గాదా?"

సారలు తల దించుకుంది. ఆ అవ్వలు కూడా చలిలోనే ఉన్నారు మరి. ఎవరిని ఏమనగలదు?

"వచ్చే ఏడు నేనే వస్త," అన్నాడు లింగమూర్తి. "చెప్పకుండ వస్త. అప్పుడు గట్టయ్యను ముందుగాల చూస్త."

వచ్చే ఏడంటే ఈ చలి పోయి, ఎండలు పోయి, వానలు పోయి మళ్ళీ చలి రావాలి.

నెల తిరగ్గానే గదికి తాళం పడింది. రజాక్ తాత రేడియోను సంకలో పెట్టుకుని తన ఇంటికి పోయాడు. మిగతా తాతలు ఎవరి దారిన వాళ్ళు పోయారు. లింగవ్వ వేరే ఇంట్లో అంట్లు తోమే పనికి కుదిరింది. సున్నం వేసిన గోడలు ఎవరూ ఆనుకోకుండా తెల్లగా ఉండిపోయాయి.

గట్టయ్యను మాత్రం సారలు తమ ఇంటికి తీసుకొచ్చింది. ఆ వారం ముత్యానిది మొదటి షిఫ్టు. చీకటి ఉండగానే డ్యూటీకి పోతాడు, పగలు ఇల్లు ఖాళీ. గట్టయ్య పొయ్యి పక్కన కూర్చుని ఎంత కావాలంటే అంత దగ్గుకునేవాడు. అయితే బొగ్గుబాయి షిఫ్టులు ఒకచోట నిలవవు. సోమవారం వచ్చిందంటే మారిపోతాయి. ఈసారి ముత్యానికి రాత్రి డ్యూటీ పడింది, బుచ్చన్నకూ అదే.

"ఇగ నేను గోడ కాడికి పోత బిడ్డా," అన్నాడు గట్టయ్య.

"వద్దు. నాతోని రా," అంది సారలు.

మన ఇంట్లో రాత్రి డ్యూటీ అయితే ఇంకెవరింట్లోనో మొదటి షిఫ్టు ఉంటుంది కదా. అది ఆ వాడలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. సారలు బడి సంచి భుజాన వేసుకుని, తాత చెయ్యి పట్టుకుని, క్వార్టర్ల వెంట నడిచింది.

మొదటి ఇంటి ముందు అడిగింది. ఆ ఇంటామె దగ్గు మాట వినగానే తలుపు దగ్గరికి వేసింది. రెండో ఇంట్లో పసిపిల్ల ఉంది, దగ్గు అంటుకుంటుందేమోనని వాళ్ళ భయం. వాళ్ళదీ తప్పు లేదు. గట్టయ్య మెల్లగా సారలు చెవిలో అన్నాడు.

"దగ్గు ముచ్చట ముందుగాల చెప్పకు బిడ్డా. కూసున్నంక వాళ్ళకే తెలుస్తది."

"వద్దు తాతా. చెప్పే అడుగుత."

మూడో ఇంటి ముందుకు వచ్చేసరికి ఆయనకు దగ్గు తెర వచ్చింది. నడుము వంగిపోయింది. వాకిట్లో నీళ్ళు చల్లుతున్న ఆమె చెయ్యి ఆపి చూసింది. సారలు తాతను పక్కకు లాగలేదు. ఊరుకో అని సైగ చేయలేదు. బూడిద డబ్బాను రెండు చేతులతో ఆయన నోటి దగ్గర పట్టుకుని, దగ్గు ఆగేదాకా నిలబడింది. తర్వాత తన గౌను అంచుతో ఆయన మూతి తుడిచింది.

"అత్తా, ఈయన గట్టయ్య తాత. గిట్లనే దగ్గుతడు, దినమంత. మీ ఇంట్ల ఈ వారం మొదటి షిఫ్టేనా?"

"మొదటిదే."

"మాపటి దాక ఈడ కూసుంటడు. డబ్బా నేనే వచ్చి కడుగుత. ఉండనిస్తవా?"

ఆమె గట్టయ్యను చూసింది. సారలు చేతిలో డబ్బాను చూసింది.

"పొయ్యి కాడ జాగున్నది. రమ్మను," అంది.