రేణుకమ్మ గుంపు

గోపాల్‌పేటలో పొద్దున తొమ్మిదైతే తిమ్మప్ప ఇంట్లో టీవీ బందు. కూతురు అమూల్య జొన్నల డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టి, దాని ముందు నిలబడి మాట్లాడుతుంది. హైదరాబాదు కంపెనీ ఒకటి ఆమెను ట్రైనీగా తీసుకుంది. ఆర్నెల్లు నేర్పి, పనికొస్తుందనిపిస్తే రోజూ జట్టు పని నడిపే అజైల్ టీమ్ లీడర్‌ను చేస్తారు. తల్లి రేణుకమ్మ సంవత్సరీకానికి వచ్చిన పిల్ల ఈ వారం ఇంటి నుంచే పని చేస్తోంది.

అదొక పనిలా కనిపించలేదు తిమ్మప్పకు. తెర మీద కనిపించే జట్టులో ఒక్కొక్కరినీ నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, ఏమైనా అడ్డమొచ్చిందా అని అడుగుతుంది. అంతే. కాలువ పనులకు, రోడ్డు పనులకు ఏండ్ల తరబడి కూలీల గుంపును తోలుకుపోయిన మేస్త్రీ అతను. పొద్దు పొడవకముందే హాజరు తీసేవాడు. ఆలస్యమైతే నాగా, ఆ రోజు కూలి లేనట్టే. బుజ్జగించడం అతనికి తెలియదు.

ఆ రోజు అనిల్ అనే పిల్లవాడు తన పని ఇంకా కాలేదన్నాడు. నిన్నా మొన్నా కూడా అదే మాట. అమూల్య గొంతు పెంచలేదు.

"ఏం అడ్డమొస్తుంది అనిల్? ఎవరినన్న తోడియ్యాల్నా?"

తిమ్మప్పకు ఒళ్లు మండింది. కూతురికి చేతకావడం లేదనుకున్నాడు. లేచొచ్చి తెర ముందు నిలబడ్డాడు.

"ఏం రా, మూడొద్దులాయె. తిని పంటున్నవా? నాగా పెట్టు బిడ్డా. రేపటికెల్లి గీనితోని పనే లేదను."

తెర మీద ముఖాలన్నీ బిగుసుకుపోయాయి. అమూల్య పనితీరు చూసే శిక్షకురాలూ అందులో ఉంది. అనిల్ ముఖం మాయమైంది.

మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. అనిల్ జట్టు నుంచి తప్పుకుంటానన్నాడు. తల్లి దవాఖానలో ఉందట. ఎవరికీ చెప్పుకోలేక ఊరుకున్నాడట. అతడు పోతే నిన్ను లీడర్‌ను చేయడం కష్టమేనని శిక్షకురాలు అమూల్యకు చెప్పేసింది.

తిమ్మప్ప తగ్గలేదు. "నీ మంచికే అన్న. మెత్తగుంటే నెత్తికెక్కుతరు. నేను గుంపు నడ్పలేదా?"

"నువ్వు నడ్పలే నాయినా." అమూల్య కంచం ముందు నుంచి లేచింది. "నువ్వు తిట్టి పోంగనే అమ్మ గుంపోళ్ల పక్కన కూసునేది. ఏమైందని అడిగేది. ఎవరి పిల్లకు జరమో, ఎవరి నడుము పట్టుకుందో అమ్మకే ఎరుక. గీ నౌకరీకి పోయిననాడు, మనుషులను నడ్పుడంటే ఏందని నన్ను అడిగిండ్రు. నేను అమ్మ ముచ్చటనే చెప్పిన."

తిమ్మప్ప కంచం పక్కకు జరిపాడు. రేణుకమ్మ పోయిన ఎండకాలమే గుంపు విడిపోయింది. విశ్వాసం లేని మనుషులని అందరినీ తిట్టాడు. మొదటి నుంచీ తనతో పనిచేసిన వెంకటన్న ఎదురైతే దారి మార్చేవాడు. ఎందుకు పోయావని మాత్రం ఒక్కరినీ అడగలేదు.

"గా పిల్లగానికి ఫోన్ కలుపు," అన్నాడు చేయి కడుక్కుని.

అమూల్య కలిపి చేతికిచ్చింది.

"అనిలూ, అమూల్య నాయినను. తప్పు మాట్లాడిన బిడ్డా. అమ్మకెట్లుంది?"

అవతల ఆ పిల్లవాడు మెల్లగా మొదలుపెట్టి, దవాఖాన కష్టమంతా చెప్పుకుంటూ పోయాడు. తిమ్మప్ప మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. అంతసేపు ఎవరి మాటా విన్నవాడు కాడు. చివరికి అనిల్, రేపు తొమ్మిదికి వస్తానని అమూల్యక్కకు చెప్పమన్నాడు.

సాయంత్రం తిమ్మప్ప తువ్వాల భుజాన వేసుకుని వెంకటన్న ఇంటి ముందు ఆగాడు. మంచం మీద కూర్చున్న వెంకటన్న ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"నాడు పనికి ఎందుకు రాలే అన్నా? నీకేం అడ్డమొచ్చింది?"

వెంకటన్న అతని ముఖంలోకి చూశాడు. చూస్తూనే మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు.

"గీ మాట రేణుకమ్మ అడుగుతుండె," అన్నాడు.

తిమ్మప్ప కూర్చున్నాడు. భుజం మీది తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.